మడిగె ఖాళీ చేయించాలా? ముందు కిరాయి ఎంతో చూడండి

[తెరపై: మూసిన షట్టర్. దానికి రెండు తాళాలు.]

నమస్తే. మొదటి తాళం కిరాయిదారుది. రెండోది ఓనర్‌ది, రాత్రికి రాత్రి వేసింది. మడిగె ఆయనదే, కాగితాలూ ఆయనవే. అయినా కిరాయిదారు ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద దావా వేస్తే, ఓనర్ ఎవరన్నది పక్కనపెట్టి కోర్టు మళ్లీ అతనికే స్వాధీనం ఇప్పించొచ్చు. అందుకే తాళం జోలికి పోకండి.

[తెరపై: ₹3,500]

తెలంగాణలో అసలు లెక్క ఈ అంకెతో మొదలవుతుంది. కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి ఇది దాటితే కిరాయిదారుకి రక్షణ ఇచ్చే 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు. మిగతా ఊళ్లలో 2,000. ఇవాళ ఇంత తక్కువకి మడిగె ఎవరిస్తున్నారు? కాబట్టి చాలామందికి దారి సివిల్ కోర్టే. నెలవారీ కిరాయికి ఆస్తి బదిలీ చట్టం (Transfer of Property Act) సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు, ఆ తర్వాత దావా. కారణం చెప్పక్కర్లేదు. (ఆంధ్రాలో చట్టం వేరు.)

ఆ పరిమితి దాటని పాత కిరాయిలకే రెంట్ కంట్రోలర్, అంటే ఆ 1960 చట్టం కింద కేసు వినే అధికారి. అక్కడ కారణం చూపాలి: కిరాయి ఎగ్గొట్టడం, ఇంకొకరికి ఇచ్చేయడం, లేదా సొంత వ్యాపారానికి కావాలనడం. అదే ఊళ్లో సొంత మడిగెలో ఇప్పటికే కూర్చుని ఉంటే మాత్రం ఈ చివరి కారణం మామూలుగా నిలవదు.

[తెరపై: ₹371.90]

గెలిచినా అప్పీలు పేరుతో ఏళ్లు గడుస్తాయని భయమా? ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో ఒక కిరాయిదారు 1944 నుంచి ఉన్నాడు. కిరాయి నెలకి 371 రూపాయల 90 పైసలు! ఖాళీ చేయమని తీర్పొచ్చింది, అప్పీలుకి వెళ్లాడు. స్టే, అంటే అప్పీలు తేలేదాకా ఖాళీ చేయించకుండా ఆపే ఆర్డరు, కావాలంటే నెలకి 15,000 కట్టాలని ట్రిబ్యునల్ షరతు పెట్టింది. హైకోర్టు ఆ షరతు తీసేసింది. సుప్రీంకోర్టు 2004లో ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో దాన్ని మళ్లీ నిలబెట్టింది. తీర్పు పడ్డాక పాత కిరాయితో కాలక్షేపం కుదరదన్నమాట. మీ వకీలుని ఈ కేసు పేరు అడగండి.

[తెరపై: ఫోన్‌లో 'కిరాయి జమ అయింది' మెసేజ్]

ఇంకొకటి. నోటీసు గడువు అయిపోయాక ఈ మెసేజ్ వస్తే ఊరుకోకండి, అదే రోజు వకీలుకి చెప్పండి. కిరాయి తీసుకున్నారు కాబట్టి నోటీసు వదులుకున్నట్టే అని అవతలివాళ్లు అదే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 113 పట్టుకుని వాదించేది దీనిమీదే.