‘వెళ్ళాను’ ఒక్కటే, ఇంగ్లిష్‌లో మూడు

(ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా బడిలో చదివే విద్యార్థుల కోసం పర్లాకిమిడిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పరీక్షలో ఇంగ్లిష్. పర్లాకిమిడిలోనైనా గుణుపురంలోనైనా మన పిల్లలకి ఇది రోజూ ఉండేదే. ఇంగ్లిష్ పాస్ట్ టెన్స్ దగ్గరికి వచ్చేసరికి ఈ మూడు భాషల అలవాటు వల్ల ఒక లాభం ఉంది, ఒక గొయ్యీ ఉంది.

ముందు తెలుగు సంగతి. ‘నిన్న బరంపురం వెళ్ళాను’, ‘బరంపురం చాలాసార్లు వెళ్ళాను’, ‘అప్పటికే రెండుసార్లు వెళ్ళాను’. మూడింట్లోనూ క్రియ ఒకటే. ఇంగ్లిష్‌లో మొదటిది ‘ఐ వెంట్’, రెండోది ‘ఐ హ్యావ్ బీన్’, మూడోది ‘ఐ హ్యాడ్ బీన్’. తెలుగులో తేడా చెబుతున్నది ‘వెళ్ళాను’ కాదు, దాని పక్కనున్న నిన్న, చాలాసార్లు, అప్పటికే. అందుకే తర్జుమా చేసేటప్పుడు క్రియ మీద కాకుండా ముందు ఆ చిన్న మాట మీద వేలు పెట్టండి.

నిన్న, పోయిన ఏడాది, 1936లో అంటే ఆ కాలం ముగిసిపోయింది. అక్కడ ‘హ్యావ్’కి చోటు లేదు. ‘1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది’ అన్న వాక్యంలో ‘బికేమ్’ అనాలి, ‘హ్యాజ్ బికమ్’ అనకూడదు. ‘ఇంకా’, ‘ఇప్పుడే’, ‘ఇప్పటివరకు’, ‘ఈ వారంలో’ అంటే ఆ కాలం మన చేతిలోనే ఉంది, ‘హ్యావ్’ వస్తుంది. ‘భోంచేశారా?’ అని అడగడానికి మాత్రం ‘హ్యావ్ యు ఈటెన్’, ‘డిడ్ యు ఈట్’ రెండూ నడుస్తాయి. అమెరికా వాళ్ళు రెండోదే ఎక్కువ వాడతారు. దీని మీద తగువు పెట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఒడియా. ‘ఐ వెంట్’, ‘ఐ హ్యావ్ గాన్’, ‘ఐ హ్యాడ్ గాన్’లకి వరసగా ‘ము గలి’, ‘ము జాఇఛి’, ‘ము జాఇథిలి’. చూశారా, ఇంగ్లిష్‌లో ఉన్న మూడు రూపాలూ ఇక్కడ విడివిడిగా ఉన్నాయి. తెలుగు ఒక్కటే వచ్చినవాళ్ళకి ‘హ్యాడ్ గాన్’ అంటే ఏమిటో వివరించడానికి అరగంట పడుతుంది. మీకు ‘జాఇథిలి’ అంటే చాలు. లాభం ఇదే.

గొయ్యి కూడా అక్కడే ఉంది. ఒడియాలో ‘ము కాలి బరంపుర జాఇథిలి’ అని హాయిగా అనేస్తాం. దాన్ని మాటకి మాటగా దింపితే ‘ఐ హ్యాడ్ గాన్ టు బరంపూర్ యెస్టర్డే’ అవుతుంది. విన్నవాడు ‘దేనికంటే ముందు?’ అని ఎదురుచూస్తాడు. ఇంగ్లిష్‌లో ‘హ్యాడ్’ ఒంటరిగా బతకదు. దానికి తర్వాత జరిగిన మరో సంగతి తోడుండాలి. ఒకప్పటి మన చిన్న రైలు సంగతే తీసుకోండి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో లైను పడింది, 1931 నాటికి గుణుపురం చేరింది. ‘రాష్ట్రం ఏర్పడేసరికి రైలు గుణుపురం చేరింది’ అంటే ‘వెన్ ద స్టేట్ వాజ్ ఫార్మ్‌డ్, ద లైన్ హ్యాడ్ రీచ్డ్ గుణుపూర్’. తెలుగులో ‘ఏర్పడేసరికి’, ‘వచ్చేసరికి’ లాంటివి, ‘అప్పటికే’ కనిపిస్తే ‘హ్యాడ్’ అవసరం కావచ్చు. జరిగిన వరసలోనే చెప్పుకుపోతుంటే అసలు అక్కర్లేదు: లేచాను, తిన్నాను, బస్సెక్కాను, అన్నీ మామూలు పాస్టే.

లేదన్నప్పుడు తప్పు మరో రకం. ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అని రాసే పిల్లలు తరగతికి సగం మంది ఉన్నా ఆశ్చర్యం లేదు. గో, వెంట్, గాన్ అని బట్టీ పట్టినందువల్ల, గడిచిన కాలం అనగానే ‘వెంట్’ నోటికొస్తుంది. తెలుగులో ‘వెళ్ళానులేదు’ అని ఎవరైనా అంటారా? ‘వెళ్ళలేదు’ అంటాం. భారమంతా ‘లేదు’ మోస్తుంది, క్రియ ఉత్తిగా నిలబడుతుంది. ‘డిడ్ నాట్ గో’ కూడా అంతే. ప్రశ్నలోనూ ‘డిడ్’ వచ్చిందంటే వెనక ‘గో’నే.

‘నుంచి’ దగ్గర కూడా జాగ్రత్త. ‘పదేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాం’ అన్నదాన్ని ‘వి ఆర్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అంటే ఒకే వాక్యంలో రెండు తప్పులు. ‘వి హ్యావ్ లివ్‌డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ సరైనది. పరీక్ష తేలిక: ‘పదేళ్ళుగా’ అనగలిగితే ‘ఫర్’. ‘2015గా’ అనలేం, కాబట్టి అక్కడ ‘సిన్స్’.

‘వెళ్ళేవాణ్ణి’, ‘వెళ్ళేదాన్ని’ అన్నవాటికి ‘యూజ్డ్ టు గో’. ఇది మానేసిన అలవాటుకే. ఇప్పటికీ రోజూ ఆరింటికి లేస్తూ ‘ఐ యూజ్డ్ టు గెటప్ ఎట్ సిక్స్’ అంటే, ఈమధ్య మానేశారనుకుంటారు.

సాధనకి రోజూ రాత్రి పది వాక్యాలు చాలు, ఆ రోజు జరిగినవే. రాశాక మూడుసార్లు చదవండి. మొదటిసారి కాలం చెప్పే మాటల కింద గీత గీయండి, ముగిసిన కాలం పక్కన ‘హ్యావ్’ ఉంటే కొట్టేసి మామూలు పాస్ట్ రాయండి. రెండోసారి ‘డిడ్’ వెనకున్న క్రియ చూడండి. మూడోసారి ప్రతి ‘హ్యాడ్’నీ తీసేసి మామూలు పాస్ట్ (‘హ్యాడ్ గాన్’ బదులు ‘వెంట్’) పెట్టి చదవండి, అర్థం చెడకపోతే అలాగే ఉంచండి.

ఆ తర్వాత పైకి చదవండి. స్పెల్లింగ్ చివర ‘ed’ కనిపిస్తుంది కాబట్టి ‘వర్కెడ్’ అనేస్తాం. క, ప, ఫ, స, ష, చ ధ్వనుల తర్వాత ఆ ‘ed’ పలికేది ‘ట్’: వర్క్‌ట్, వాష్‌ట్. ట, డ తర్వాత మాత్రమే ‘ఇడ్’: వాంటిడ్, నీడిడ్. మిగతా చోట్ల ‘డ్’: ప్లేడ్, కాల్డ్. నాలుక తిరిగేదాకా ఈ ఆరు మాటలే అనండి.