పడవల క్లబ్బు వాళ్ళకి రోడ్డు పక్కన పొదల్లో ఏం పని?

నమస్కారం. స్క్రీన్ మీద ఉన్న ఫొటో ఒకసారి చూడండి. సిమెంటు దిమ్మలో బిగించిన గుండ్రటి కంచు బిళ్ళ. అడ్డంగా కొలిస్తే సుమారు 9 సెంటీమీటర్లు. అంచు చుట్టూ ‘యూఎస్ కోస్ట్ అండ్ జియోడెటిక్ సర్వే’ అని అచ్చు పోసి ఉంది. దాని లోపలి వరుసలో ఒక బెదిరింపు కూడా ఉంది: ఈ గుర్తును కదిలిస్తే 250 డాలర్ల జరిమానా, లేదా జైలు.

భూమి మీద ఎత్తులూ, స్థానాలూ కొలవడానికి సర్కారు పాతిన ఇలాంటి గుర్తులు అమెరికాలో లక్షల్లో ఉన్నాయి. చాలావాటి ముఖం ఎవరూ చూసి దశాబ్దాలైంది. పైసా జీతం లేకుండా వాటిని వెతికి పెట్టినవాళ్ళలో ఒక పడవల క్లబ్బు ఉంది. అదే ఈ రోజు కథ.

క్లబ్బు పేరు యునైటెడ్ స్టేట్స్ పవర్ స్క్వాడ్రన్స్. 1914లో మొదలైంది. సొంత మోటారు బోటు, తెరచాప పడవ ఉన్నవాళ్ళు చేరి, నీళ్ళ మీద క్షేమంగా తిరగడం ఒకరికొకరు నేర్పుకునే సంస్థ. పొడి అక్షరాల్లో యూఎస్‌పీఎస్. అవును, అక్కడి పోస్టాఫీసు పొడి అక్షరాలూ అవే! ఇప్పుడు జనానికి ‘అమెరికాస్ బోటింగ్ క్లబ్’ అనే పేరుతో పరిచయం చేసుకుంటున్నారు, మంచి పని చేశారు.

మరి పడవల వాళ్ళకి నేల మీద బిళ్ళలతో సంబంధం ఏమిటి? చార్టు. సముద్రం మీద వెళ్ళేటప్పుడు ముందు పెట్టుకునే పటం. ఒడ్డు గీత ఎక్కడుందో, వంతెన కింద ఎంత ఎత్తు ఖాళీ ఉందో, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో నీళ్ళు ఎంత లోతు ఉంటాయో అందులో ఉంటాయి. ఈ అంకెలన్నీ చివరికి వచ్చి ఆనేది ఒడ్డున పాతిన గుర్తుల మీదే. పోటుపాట్లను కొలిచే ప్రతి కేంద్రం దగ్గరా కొన్ని బెంచ్‌మార్కులు, అంటే ఎత్తు కొలిచి పెట్టిన గుర్తులు, ఉంటాయి. కొలిచే పరికరమే రేవుతో పాటు కుంగిందనుకోండి, నీళ్ళు పెరిగినట్టు కనిపిస్తుంది. కుంగింది పరికరమా, పెరిగింది నీళ్ళా అని తేల్చేది ఆ గుర్తులే. అందుకే చార్టులో తప్పులు చూసి సర్కారుకి చెప్పే పనితో పాటు, ఈ వెతుకులాట కూడా ఆ సభ్యులు నెత్తిన వేసుకున్నారు. చలికాలంలో పడవ ఒడ్డెక్కాక చేతికి దొరికిన పని అనుకోవచ్చు.

అన్నట్టు, మన నోట్లో ‘బెంచ్‌మార్క్’ అంటే ఫోన్ల స్కోరు. అసలు మాట పుట్టింది సర్వేలో. రాతి మీద ఉలితో అడ్డంగా ఒక గాటు కొట్టి, అందులో ఇనప బద్ద దూర్చి, దాన్ని బల్లలా వాడుకుని ఎత్తు కొలిచే కర్ర నిలబెట్టేవాళ్ళు. ఆ బల్లే బెంచి.

సరే, వెతకడం ఎలా? బిళ్ళ మీద పేరున్న ఆ పాత సర్వే పనిని ఇప్పుడు చూసే నేషనల్ జియోడెటిక్ సర్వే ప్రతి గుర్తుకీ ఒక డేటాషీట్ ఉంచింది. రెండు అక్షరాలు, నాలుగు అంకెలతో ఒక గుర్తింపు నంబరు. కింద అక్షాంశం, రేఖాంశం, ఎత్తు. ఇక జీపీఎస్‌లో కొట్టుకుని వెళ్ళిపోవడమేగా అనిపిస్తుంది. ఇక్కడే కొత్తవాళ్ళు బోల్తా పడతారు.

ఈ సంగతి నాకు భలే నచ్చింది, కాస్త నిదానంగా చెప్తాను. బెంచ్‌మార్కు అంటే ఎత్తు కోసం పాతిన గుర్తు. దాని ఎత్తు మిల్లీమీటర్ల లెక్కలో రాసి ఉంటుంది. కానీ అది ఎక్కడుందన్నది? చాలాసార్లు ఎవరో పాత మ్యాపు మీద స్కేలు పెట్టి చూసి రాసిన అంకె. డేటాషీట్‌లో దాని పక్కన ‘స్కేల్డ్’ అని ఉంటుంది. అందులో 6 సెకన్ల దాకా తేడా ఉండొచ్చు (ఇది గడియారం సెకను కాదు, డిగ్రీలో 3600వ వంతు). అక్షాంశంలో 6 సెకన్లంటే నేల మీద దాదాపు 180 మీటర్లు! జీపీఎస్ మిమ్మల్ని నిక్కచ్చిగా ఎవరి కోళ్ళ గూడు మధ్యకో తీసుకెళ్తుంది. త్రిభుజాలతో దూరాలు లెక్కగట్టే ట్రయాంగ్యులేషన్ స్టేషన్ దగ్గర కథ తిరగబడుతుంది. అది ఎక్కడుందో కచ్చితంగా తెలుసు, ఎత్తు మాత్రం ఉజ్జాయింపు కావచ్చు. అంటే షీటు చేతికి రాగానే చూడాల్సింది అంకెను కాదు, దాని పక్కనున్న చిన్న మాటను.

స్కేల్డ్ అని ఉంటే ఇక దిక్కు కింద ఉన్న వర్ణనే. పాతినవాడు స్వయంగా రాసింది. రైల్వే స్టేషన్ నుంచి ఇంత దూరం, రోడ్డు మధ్యగీత నుంచి ఇన్ని అడుగులు, ఫలానా రైతు ఇంటి గేటుకి ఆగ్నేయంగా... ఇలా సాగుతుంది. ఎనభై తొంభై ఏళ్ళ కిందటి మాట. ఆ స్టేషన్ ఉండదు, పట్టాలు పీకేసి ఉంటారు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు మధ్యగీతే జరిగిపోయి ఉంటుంది. అందుకే నా లెక్కలో ఇది తవ్వే పని కన్నా చదివే పని. పాత మ్యాపు తీసి, అప్పటి రోడ్డు ఎక్కడుందో మనసులో మళ్ళీ పరుచుకోవాలి.

రెండు ఆనవాళ్ళు మిగిలినా చాలు. కల్వర్టు గోడ ఒకటి, చర్చి మెట్టు ఒకటి అనుకోండి. గోడ నుంచి టేపు లాగి నేల మీద ఒక వంపు గీయాలి, మెట్టు నుంచి ఇంకో వంపు. రెండూ కలిసిన చోట సన్నటి ఇనప చువ్వతో పొడిచి చూడాలి. మెత్తగా దిగితే మట్టి. టక్కుమంటే మోకాళ్ళ మీద కూర్చోవచ్చు. కంచు కాబట్టి మెటల్ డిటెక్టర్ కూడా పనికొస్తుంది, సోడా డబ్బా మూతలకి మోగినంత ఉత్సాహంగా.

బిళ్ళ కనబడగానే కేకలు వేయకండి. దాని మీద బాణం గుర్తుందా? ఉంటే అది అసలు ట్రయాంగ్యులేషన్ స్టేషన్ కాదు, రిఫరెన్స్ మార్కు. స్టేషన్ పోతే తిరిగి పట్టుకోవడానికి చుట్టూ పెట్టే రెండు మూడు సాక్షుల్లో ఒకటి. స్టేషన్ పేరే దాని మీదా ఉంటుంది, పక్కన నంబరు ఒకటి అదనం. బాణం స్టేషన్ వైపు చూపిస్తుంది. తొందరలో దీన్నే స్టేషన్ అని రాసి పంపేవాళ్ళు ఉంటారు. ‘రీసెట్’ అని చెక్కి ఉన్నా జాగ్రత్త. పాతది పోయాక పెట్టిన కొత్త గుర్తు అది, దాని లెక్క వేరు.

అన్నీ బిళ్ళలే కావు. నీళ్ళ ట్యాంకులు, చర్చి శిఖరాలు, లైట్‌హౌసులు కూడా సర్వే గుర్తులే. పడవ వాళ్ళకి ఇవి కంటికి అలవాటైనవి. నార్త్ కరోలినాలో కేప్ హాటెరస్ లైట్‌హౌస్ ఉంది. సముద్రం ఒడ్డును కోసుకుంటూ దగ్గరికి వచ్చేస్తుంటే, 1999లో ఆ కట్టడాన్ని నిలువునా ఎత్తి దాదాపు 880 మీటర్లు లోపలికి జరిపారు. లైట్‌హౌస్ భద్రం. పాత అక్షాంశ రేఖాంశాల దగ్గర మాత్రం ఇప్పుడది లేదు.

ఉపగ్రహాలు ఉండగా ఇదంతా ఎందుకని కామెంట్ పెట్టబోతున్నారేమో. జీపీఎస్ ఇచ్చే ఎత్తు, భూమి ఆకారానికి దగ్గరగా లెక్క కోసం ఊహించుకున్న ఒక నున్నటి గుండ్రం నుంచి కొలిచింది. అది నీళ్ళు పారే ఎత్తుతో సరిపోదు. రెంటినీ కలపాలంటే పాత బెంచ్‌మార్కు మీద జీపీఎస్ పెట్టి చూడాలి. 1988 నాటి ఎత్తుల పద్ధతి నుంచి కొత్తదానికి మారడం కోసం సర్వే సంస్థ జనాన్ని అడిగింది ఆ పనే. ముందు గుర్తు ఉందో లేదో తెలియాలి కదా.

ఇక రిపోర్టు. గుర్తు బాగుంటే ‘గుడ్’, దెబ్బ తింటే ‘పూర్’. కనబడకపోతే ‘నాట్ ఫౌండ్’. ఊడిన బిళ్ళ చేతికి దొరకడం లాంటి రుజువు ఉంటేనే ‘డిస్ట్రాయ్డ్’. రెండు గంటలు ముళ్ళలో తిరిగి, ఒళ్ళంతా గీరుకుని, ‘కనబడలేదు’ అని రాయడానికి మనసొప్పదు. నాశనమైపోయిందని రాసేస్తే మనకి కాస్త గౌరవంగా ఉంటుంది. కానీ ఆ మాట పడ్డాక ఇంకెవరూ అటు రారు. మన కంటికి ఆనకపోవడం వేరు, అది లేకపోవడం వేరు. ఎక్కడెక్కడ చువ్వ గుచ్చి చూశారో, ఏ ఆనవాలు మాయమైందో రాస్తే అదే పెద్ద సాయం.

కొన్ని షీట్ల చివర చూడండి. పాతిన ఏడాది, కొన్నేళ్ళకి ‘గుడ్’, తర్వాత ‘మార్క్ నాట్ ఫౌండ్’, మళ్ళీ అదే. వాటి కింద చాలా ఏళ్ళ తర్వాత ఇంకో వరుస: ‘గుడ్’. పక్కన ఎవరు చూశారో చెప్పే కోడ్: యూఎస్‌పీఎస్‌క్యూడీ. ఎవరో పడవాయన.