ఆ మొద్దును ఉండనివ్వండి

సభకు నమస్కారం. అధ్యక్షులు నా గురించి చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞతలు. ఓక్ కొమ్మలకు వేళ్లు పుట్టించడం ఎలాగో చెప్పమన్నారు. హార్మోన్ మోతాదుతో మొదలయ్యే కాగితం ఒకటి రాసుకొచ్చాను. దాన్ని కాసేపు పక్కన పెడతాను. ముందు ఒక చెట్టు గురించి చెప్పాలి.

దారి వెడల్పు చేయడానికి ఒక ముసలి ఓక్‌ను కొట్టేశారు. నాకు కబురందేసరికే అది నేల మీద ఉంది. పైకొమ్మల నుంచి రెండు వందల ముక్కలు కోసి నాటాను. కొన్నిటికి అడుగున తెల్లటి కాలస్, అంటే కోసిన గాయం మీద పెరిగే కణాల ముద్ద, కట్టింది. ఎంత ఆశపడ్డానో! ఒక్కటీ వేరు వేయలేదు, అన్నీ నల్లబడి కుళ్లాయి.

తప్పు నేను కోసిన చోటుది. చిటారుకొమ్మ మన కంటికి లేతగా కనిపిస్తుంది. వేరు వేయడంలో మాత్రం చెట్టులో అన్నిటికంటే ముసలిది అదే. లేతదనం మిగిలేది మొదలు దగ్గర. అందుకే చెట్టు కొట్టేశాక నేలలో మిగిలిన మొద్దు నుంచి లేచిన పిలక బతికే అవకాశం ఎక్కువ.

మరుసటి వసంతంలో ఆ మొద్దు పిలకలు వేసింది! కాస్త ముదిరాక కోద్దామని ఆగాను. కత్తి, తడిగుడ్డ పట్టుకుని వెళ్లేసరికి అక్కడ గొయ్యి మిగిలింది. యంత్రంతో పెకలించేశారు.

గింజ నాటితే పోదా అంటారు. అడవి పెంచాలంటే గింజే మేలు, నేనూ నాటుతాను. కానీ ఓక్ పుప్పొడి గాలిలో వస్తుంది, ఒక్కోసారి వేరే జాతి ఓక్ నుంచి కూడా. గింజలో మొలిచేది ఆ చెట్టు బిడ్డ. ఆ చెట్టే కావాలంటే కొమ్మ కావాలి.

సరే, పద్ధతి. వసంతపు చిగురు సగం ముదిరినప్పుడు, ఉదయం పూట పిలకలు కోయండి. రెండు మూడు ఆకులుంచి, వాటినీ సగానికి కత్తిరించండి. వేళ్లు పుట్టించే ఐబీఏ హార్మోన్ సాధారణంగా 5,000 నుంచి 10,000 పీపీఎం దాకా, అంటే పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు, వాడతారు. నీరు నిలవని పెర్లైట్ (కాల్చి ఉబ్బించిన తేలికపాటి రాతి గుళికలు) మిశ్రమం, ఆగి ఆగి చల్లే తుంపర, అడుగున కొంచెం వెచ్చదనం చాలు. వేరొచ్చిందని వెంటనే పీకి కుండీ మార్చకండి. చలికాలం దాటి కొత్త చిగురు వేసేదాకా అది మీ చేతికి దక్కినట్టు కాదు. వేరు పట్టిన మొక్కల్ని కూడా నేను ఆ చలిలోనే పోగొట్టుకున్నాను.

చెట్టు ఇంకా నిలబడే ఉంటే దాన్ని కొట్టనక్కర్లేదు. కిందివైపు లావు కొమ్మ ముక్కను తేమలో నిలబెడితే, బెరడు కింద నిద్రపోయే మొగ్గలు లేస్తాయి. ఆ చిగుళ్లు కోసుకోవచ్చు.

మీలో రంపం పట్టేవాళ్లుంటే, పట్టించేవాళ్లుంటే, అయ్యా, అమ్మా, మిమ్మల్నే అడుగుతున్నాను. చెట్టును ఆపలేకపోతే మొద్దునైనా రెండేళ్లు ఉండనివ్వండి. మొదటి ఏడు పిలకలు కోసుకుంటాం. వాటిలో పట్టనివాటి కోసం రెండో ఏడు మళ్లీ వస్తాం.