నడుం నొప్పికి ఒక సముద్రపు చుట్టం

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో డిస్క్ జారి నడుం పట్టేసినవాళ్లు ఎంతమంది? ఒకసారి చేతులెత్తండి. పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు? సరే, దించేయండి. మీ అందరికీ ఇవాళ ఒక చుట్టాన్ని పరిచయం చేస్తాను.

దాని పేరు అసిడియన్. సముద్రంలో రాళ్లకి, పడవల అడుగుకి, రేవు గోడలకి అంటుకుని ఉంటుంది. తోలు సంచిలా ఉంటుంది. పైన రెండు రంధ్రాలు. ఒకదాంట్లోంచి నీళ్లు లోపలికి పోతాయి, రెండోదాంట్లోంచి బయటికి వస్తాయి. నొక్కితే చిమ్ముతుంది, అందుకే ఇంగ్లీషువాళ్లు సీ స్క్విర్ట్ అన్నారు. తల లేదు, ఉన్నచోటి నుంచి కదలదు. బీఎస్సీలో జువాలజీ చదివినవాళ్లకి హెర్డ్మానియా గుర్తుండే ఉంటుంది. అదీ ఈ కుటుంబమే. ఆ బొమ్మ వేయలేక నేను దాన్ని తిట్టుకున్నాను. తర్వాత ముప్ఫై ఏళ్లు అదే పాఠం చెప్పి పిల్లల చేత నేను తిట్లు తిన్నాను.

చాలాకాలం దీన్ని నత్తల, ఆలిచిప్పల వైపు చుట్టం అనుకున్నారు. 1866లో కోవలెవ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త పెద్ద జీవిని కాక, దాని పిల్లని చూశాడు. గుడ్డులోంచి వచ్చే లార్వా అచ్చం తోకకప్పలా ఉంటుంది. పొడవు ఒక మిల్లీమీటరు, అంతే. తోకలో ఒక కడ్డీ, దాని మీదుగా నాడీ గొట్టం. ఆ కడ్డీనే నోటోకార్డు అంటారు, మన పాఠ్యపుస్తకాల్లో పృష్ఠవంశం. సియోనా అనే రకంలో ఈ కడ్డీకి సరిగ్గా 40 కణాలుంటాయి, రూపాయి బిళ్లలు దొంతర పెట్టినట్టు. 1871లో డార్విన్ మనిషి పుట్టుక గురించి రాసినప్పుడు ఈ లార్వా సంగతిని ప్రస్తావించాడు.

అమ్మ కడుపులో మూడో వారంలో మనకీ ఇదే కడ్డీ ఏర్పడుతుంది. తర్వాత దాని చుట్టూ వెన్నుపూసలు వస్తాయి. పూసల దగ్గర కడ్డీ మాయమై, పూసకీ పూసకీ మధ్య మాత్రం మెత్తని గుజ్జుగా మిగులుతుంది. డిస్క్ జారిందంటే చాలాసార్లు ఆ గుజ్జే బయటికి తోసుకొచ్చి నరాన్ని నొక్కడం. ఎమ్మారై ఫిల్ములో డాక్టరు వేలుపెట్టి చూపించేది అదే.

థైరాయిడ్ కథ ఇంకా బాగుంటుంది. అసిడియన్ గొంతులో అడుగున ఎండోస్టైల్ అనే గాడి ఉంటుంది. అది జిగురు వదులుతుంది, నీళ్లలో కొట్టుకొచ్చే తిండి ఆ జిగురుకి అంటుకుంటుంది. ఆ గాడిలోనే, మన థైరాయిడ్‌లో లాగే, అయోడిన్‌ని పట్టుకునే కణాలూ ఉన్నాయి. లాంప్రే అని దవడల్లేని చేపలాంటి జీవి ఉంది. దాని లార్వాకీ ఈ గాడే ఉంటుంది, పెద్దయ్యేటప్పుడు అదే థైరాయిడ్‌గా మారుతుంది. తిండి పట్టే జిగురు గాడి హార్మోన్ గ్రంథి కావడం మన కళ్ల ముందే ఒక్క జీవితకాలంలో జరుగుతుంది.

అలాగని మనం అసిడియన్ కడుపున పుట్టామని ఇంటికెళ్లి చెప్పకండి. 50 కోట్ల ఏళ్లకి ముందే విడిపోయిన దాయాదులం, అంతే. ఆంఫియాక్సస్ అనే జీవి చూడ్డానికి చిన్న చేపలాగే ఉంటుంది కాబట్టి వెన్నెముక ఉన్న జీవులకి అదే దగ్గరి చుట్టమని ఎన్నో ఏళ్లు నమ్మాం. 2006లో జన్యువుల్ని పోల్చి చూస్తే వరస తారుమారైంది. ఈ తోలు సంచి వంశమే పెదనాన్న పిల్లల వరసకి వచ్చింది, ఆంఫియాక్సస్ దూరపు చుట్టమైంది.

అసిడియన్ లార్వా తలతో రాయికి అతుక్కుని, తోకని తనలోకి కరిగించేసుకుంటుంది. కడ్డీ పోతుంది. తన మెదడుని తానే తింటుందని ఇంటర్నెట్‌లో రాస్తుంటారు, అంత నాటకమేం లేదు. లార్వా నాడీ వ్యవస్థలో చాలాభాగం కరిగి, పెద్దదానికి సరిపడా వేరే చిన్న నాడీ ముడి తయారవుతుంది. పుస్తకాల్లో దీన్ని తిరోగామి రూపవిక్రియ అంటారు, అంటే వెనక్కి నడిచే మార్పు. నాకీ మాట నచ్చదు. మంచి రాయి దొరికాక దానికి ఈదడంతో పనేముంది?

వెనక బల్ల మీద సీసాలో ఒక హెర్డ్మానియా, పక్కన మైక్రోస్కోపు కింద లార్వా స్లైడు ఉన్నాయి. వరసలో వచ్చి చూడండి. సీసా మూత మాత్రం తీయకండి, ఫార్మలిన్‌కి కళ్లు మండుతాయి.