ఓటు ఒకటే, జేబులు వేరు

శ్రోతలందరికీ నమస్కారం. 1994 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లు మొదటిసారి ఓటేశారు, మైళ్ల పొడవున క్యూలు, మండేలా పార్టీ ఏఎన్‌సీకి దాదాపు 63 శాతం ఓట్లు. ఇల్లు, నీళ్లు కూడా హక్కులేనని రాజ్యాంగంలో రాసుకున్నారు. కానీ భూములు, గనులు చాలావరకు పాత పాలకులైన తెల్లవాళ్ల చేతుల్లోనే ఉండిపోయాయి. ప్రపంచ బ్యాంకు 2014 లెక్కలో ఆదాయాల తేడా బాగా ఎక్కువున్న దేశం అదే, ఆ తేడాని కొలిచే గినీ స్కోరు 63, అంటే అందరికీ సమానంగా వస్తే సున్నా, మొత్తం ఒక్కడికే పోతే 100 అన్నమాట. ఇదంతా తెల్లా నల్లా గొడవే అనుకోకండి, ఏఎన్‌సీతో పరిచయాలున్న కొందరు నల్లవాళ్లూ కోట్లకు పడగలెత్తారు, అది చూసేవాళ్లకి ఇంకా మండుతుంది కదా.

2021 జూన్ చివర్లో మాజీ ప్రెసిడెంట్ జూమాని కోర్టు ధిక్కారం కింద 15 నెలలు జైల్లో పెట్టమన్నారు, జులైలో ఆయన జైలుకెళ్లారు. ఆయన సొంత రాష్ట్రం క్వాజులు నటాల్‌లో మొదలైన అల్లర్లలో 350 మందికి పైగా చనిపోయారు, మాల్స్ ఊడ్చేశారు. వీళ్లంతా జూమా అభిమానులా? నాకైతే అలా అనిపించదు. కోవిడ్‌లో పనులు పోయాయి, నెలనెలా ఇచ్చే 350 ర్యాండ్ల సాయం ఏప్రిల్‌తో ఆపేశారు. అల్లర్లయ్యాక, అదే నెలాఖర్లో, మళ్లీ ఇస్తామని ప్రకటించారు చూడండి!

అదే రాష్ట్రంలో డర్బన్ సిటీ పక్కన ఫీనిక్స్ అని ఒక ఊరుంది, తెల్లవాళ్ల పాలనలో ఇండియన్ల కోసం విడిగా కట్టింది. 1860 నుంచి చెరుకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగు, తమిళ, బీహారీ కుటుంబాల మనవలు ముని మనవలు అక్కడుంటారు, చుట్టూ వాళ్లకన్నా పేదవాళ్లైన నల్లవాళ్ల బస్తీలు. అల్లర్లప్పుడు పోలీసులు చేతులెత్తేస్తే ఫీనిక్స్ వాళ్లు రోడ్లకి అడ్డాలు పెట్టారు, ఆ గొడవల్లో 30 మందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది నల్లవాళ్లే. డబ్బున్నవాళ్ల పేటల్లో ఇంత ప్రాణనష్టం లేదు.

ప్రజాస్వామ్యం కూలిపోయిందా అంటే, లేదు. కోర్టు నిలబడింది, 2024లో 40 శాతానికి పడిపోయిన ఏఎన్‌సీ ఆ ఫలితాన్ని ఒప్పుకుని ప్రతిపక్షంతో కలిసి సర్కారు పెట్టింది, నిజంగా మెచ్చుకోవాలి. కానీ 1999లో నమోదైన ఓటర్లలో దాదాపు 89 శాతం ఓటేస్తే ఈసారి 59 కూడా రాలేదు. ఇక జూమా వెనకున్న కొత్త పార్టీ, పుట్టి ఆర్నెల్లు కూడా కాలేదు, అల్లర్లు మొదలైన ఆ రాష్ట్రంలోనే దాదాపు 45 శాతంతో మొదటి స్థానం కొట్టేసింది.