బ్రౌజర్‌లో తెరుచుకుంటే ఫీడ్ బాగున్నట్టేనా?

(పర్లాకిమిడి స్టూడియోలో జరిగిన చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: బరంపురం నుంచి ఒక వార్తా సైటు ఉపసంపాదకురాలు, రాయగడ నుంచి వెబ్ డెవలపర్, గుణుపురం నుంచి కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు.)

సమన్వయకర్త: నమస్కారం. సైటులోని కొత్త వార్తలను రీడర్ యాప్‌లకు అందించే ఫైలునే ఫీడ్ అంటాం. ఒకే సైటు ఫీడ్ ఒకరి ఫోన్లో వస్తుంది, పక్కవాళ్ల ఫోన్లో రాదు. మన జిల్లాల్లో తెలుగు సైట్లు నడిపేవాళ్లందరిదీ ఇదే గోల. మేడమ్, మీ దగ్గర ఏం జరిగింది?

ఉపసంపాదకురాలు: మాది సగం తెలుగు, సగం ఒడియా. గుణుపురం దగ్గర వంశధారకు వరద వచ్చిందంటే కింద హిరమండలం వాళ్లకు ఆ కబురు వెంటనే అందాలి. సరిగ్గా అలాంటి రోజునే ఫీడ్ ఆగిపోయింది. సైటు తెరిస్తే అన్నీ కనిపిస్తున్నాయి. రీడర్ యాప్‌లో మాత్రం నిన్నటి వార్తలే. నాకు టెన్షన్, ఫోన్లు చేసేవాళ్లకు కోపం.

డెవలపర్: ఆ ఫైలు నేను చూశాను. తప్పంతా ఒక్క శీర్షికలో ఉంది. ‘కోరాపుట్‌లో’ అని రాసేటప్పుడు ‘ట్’కు ‘లో’ అతుక్కుని వత్తు కాకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతాం కదా, కంటికి కనిపించనిది. సైటు సాఫ్ట్‌వేర్ ఆ అక్షరాన్ని అలాగే ఉంచకుండా వెబ్ పేజీల భాష హెచ్‌టీఎంఎల్‌లో దానికున్న పేరుతో రాసింది. హెచ్‌టీఎంఎల్‌కు అలాంటి పేర్లు బోలెడు తెలుసు. ఫీడ్ రాసే భాష ఎక్స్‌ఎంఎల్‌కు పుట్టుకతో తెలిసినవి ఐదే: ఆంపర్‌శాండ్, లెస్ దాన్, గ్రేటర్ దాన్, రెండు రకాల కోట్లు. అర్థం చెప్పని ఆరో పేరు ఎదురైతే రీడర్ అక్కడే ఆగిపోవాలని ప్రమాణమే చెబుతుంది. ఆ అక్షరాన్ని నేరుగా పెట్టినా, 8204 అనే సంఖ్యతో రాసినా ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

సమన్వయకర్త: ఒక్క అక్షరానికి ఫీడ్ మొత్తం పోతుందా?

డెవలపర్: పోతుందండి. ఇంకోటి ఉంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరసంకేతం ఒక్కోటి మూడు బైట్లు. సారాంశాన్ని బైట్లు లెక్కపెట్టి కత్తిరించే కోడ్ ఉందనుకోండి, ఒక అక్షరాన్ని మధ్యకు కోసేస్తుంది, అప్పుడూ ఫైలు చెడిపోతుంది. ఇంగ్లీషు సైటుకు ఈ బెడద అరుదు, అక్కడ అక్షరానికి ఒక్క బైటే. అందుకే కోడ్ రాసినవాడికి తప్పు కనబడదు.

అధ్యాపకుడు: కొంచెం వెనక్కి వెళదాం నాయనా. 1999 మార్చిలో బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్‌లో రామనాథన్ గుహా ఆర్‌ఎస్‌ఎస్ అనే ఫీడ్ పద్ధతి మొదటి రూపం తెచ్చారు. జూలైలో వచ్చిన 0.91కి ఒక డీటీడీ ఫైలు ఉండేది. ఎక్స్‌ఎంఎల్‌కు తెలియని కొన్ని పేర్లకు అర్థం అందులో రాసుండేది. 2001లో నెట్‌స్కేప్ సైటు నుంచి ఆ ఫైలు మాయమైంది, దాని మీద ఆధారపడ్డ రీడర్లు తెల్లమొహం వేశాయి. ఈలోగా 2000 డిసెంబర్‌లో 1.0 వచ్చింది, అది ఆర్‌డీఎఫ్ అనే డేటా నమూనా దారి. 2002లో డేవ్ వైనర్ 2.0 తెచ్చారు. అంకెలు చూసి ఒకదాని తర్వాత ఒకటి అనుకుంటాం, కానీ రెండూ వేరే వంశాలు. ఈ గందరగోళం తీర్చడానికి 2005 డిసెంబర్‌లో ఆటమ్ అనే మరో ఫీడ్ పద్ధతి వచ్చింది, ఆర్‌ఎఫ్‌సీలనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల్లో 4287వది. తీర్చిందా? మరో కొమ్మ పెరిగింది, అంతే.

సమన్వయకర్త: బ్రౌజర్ల పాత్ర ఏమిటి మాస్టారూ?

అధ్యాపకుడు: అవి మంచితనానికి పోయి చెడగొట్టాయి. ఫైర్‌ఫాక్స్ 2, ఎక్స్‌ప్లోరర్ 7 ఫైలు మొదట్లో కాస్త తొంగిచూసి, ఇది ఫీడ్ అని తామే తేల్చేసేవి. ఇది ఏ రకం ఫైలో సర్వర్ చెప్పే టైపుతో పని లేదు, సైటువాళ్లు పెట్టుకున్న స్టైల్‌షీట్‌నూ పక్కన పడేసేవి. ఫైర్‌ఫాక్స్ చూసేది మొదటి 512 బైట్లే. దాన్ని తప్పించుకోవడానికి కొందరు ఫైలు తలమీద అంత పొడుగు కామెంట్ రాసేవాళ్లు!

డెవలపర్: ఇప్పుడైతే ఆ గొడవే లేదు, బ్రౌజర్లే చేతులెత్తేశాయి. సఫారీ 2012లో ఫీడ్ చూపించడం తీసేసింది. ఫైర్‌ఫాక్స్ 2018 డిసెంబర్‌లో. ఫీడ్లు చదివే సేవ గూగుల్ రీడర్ 2013 జూలై 1న మూతపడింది. ఫీడ్ లింకు నొక్కితే ఇప్పుడు ట్యాగుల అడవి కనిపిస్తుంది. దాన్ని చదివేలా చూపించే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని కూడా తీసేస్తామని క్రోమ్ 2025లో ప్రకటించింది.

ఉపసంపాదకురాలు: మరి మా ఫీడ్‌లో తేదీలు తేడా పడ్డ సంగతి చెప్పు బాబూ.

డెవలపర్: అదా మేడమ్! ఆర్‌ఎస్‌ఎస్ 2.0లో తేదీ ఆర్‌ఎఫ్‌సీ 822 పద్ధతిలో ఉండాలి, నెల పేరు ఇంగ్లీషులోనే. మీ సైటు భాష తెలుగుకి మార్చగానే ఫీడ్‌లో కూడా ‘జూలై’ అని తెలుగులో పడింది. చివర్లో ఐఎస్‌టీ అని వేశారు. ఆ జాబితాలో అమెరికా టైమ్ జోన్ల పేర్లున్నాయి గానీ మనది లేదు. ప్లస్ 0530 అని వేయాలి. కొన్ని యాప్‌లు అడ్జస్ట్ అయ్యాయి, కొన్ని మీ వార్తలను అట్టడుక్కి తోసేశాయి.

అధ్యాపకుడు: నేను మాత్రం యాప్‌లు సర్దుకోవాలనే అంటాను. ప్రమాణం కూడా తప్పు చేస్తుంది. 2001 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3023 ప్రకారం టెక్స్ట్ ఎక్స్‌ఎంఎల్ అనే టైపుతో పంపి అక్షరాల పద్ధతి, అంటే చార్‌సెట్, చెప్పకపోతే ఫైలును ఇంగ్లీషు అక్షరాలే పట్టే ఆస్కీ అనుకోవాలి. లోపల యూటీఎఫ్-8 అని రాసినా లెక్కలోకి రాదు. అదే పాటిస్తే అలా పంపిన తెలుగు ఫీడ్ ఒక్కటీ బతకదు. రీడర్లు చాలావరకు ఆ నియమాన్ని పట్టించుకోలేదు. చివరికి 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7303తో ప్రమాణమే దిగొచ్చింది. గిడుగు రామమూర్తి గారు పాఠం చెప్పిన ఊళ్లో కూర్చున్నాం, వాడుకకు తలొగ్గని నియమం నిలవదని ఇక్కడ వేరే చెప్పాలా?

డెవలపర్: కాదనను మాస్టారూ. కానీ ఒక యాప్ సర్దుకుంటే తప్పు దాగిపోతుంది. ‘నాకు వస్తోంది కదా’ అని సైటువాళ్లు కూర్చుంటారు. హిరమండలంలో రానివాడి సంగతి ఎవరు చూస్తారు? చదివే యాప్ ఎంత ఉదారంగా ఉన్నా ఉండనీండి, రాసేవాళ్లం మాత్రం తప్పులు పట్టే వ్యాలిడేటర్‌లో పెట్టి చూసుకోవాల్సిందే.

ఉపసంపాదకురాలు: రెండు భాషలకూ ఒకే ఫీడ్ నడపొచ్చా?

అధ్యాపకుడు: ఆర్‌ఎస్‌ఎస్ 2.0లో భాష ఛానెల్, అంటే ఫీడ్, మొత్తానికి ఒకటే. ఆటమ్‌లో ప్రతి వార్తకూ వేరుగా చెప్పొచ్చు, ఇది తెలుగు, ఇది ఒడియా అని. చదివి వినిపించే యాప్ ఆ గుర్తును పట్టించుకుంటే ఒడియా వార్తను ఒడియా గొంతుతోనే చదువుతుంది. మీకు ఆటమే నయం.

డెవలపర్: మారేటప్పుడు ఒక్క జాగ్రత్త మేడమ్. ప్రతి వార్తకూ గైడ్ అనే గుర్తింపు ఉంటుంది, ఆటమ్‌లో ఐడీ అంటారు. పాత వార్తల గుర్తింపు అలాగే ఉంచండి. హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు వెళ్లినా దాన్ని ముట్టుకోవద్దు. మారిందంటే చాలా యాప్‌లు పాతవన్నీ కొత్త వార్తలే అనుకుంటాయి. పోయినేడాది వరద వార్త మళ్లీ ఫోన్లో మోగుతుంది.

ఉపసంపాదకురాలు: అమ్మో, అదొక్కటే తక్కువ! సోమవారం మా సర్వర్ చూసే అబ్బాయిని నీ దగ్గరకే పంపుతాను.