ఓఎస్‌పీఎఫ్ నైబర్ రావట్లేదా? కీ మార్చకముందే డీబగ్ చూడండి

[స్క్రీన్: ఆర్1, ఆర్2 అనే రెండు సిస్కో రౌటర్లు, మధ్యలో ఈథర్‌నెట్ లింకు]

వాయిస్: ఓఎస్‌పీఎఫ్ అంటే రౌటర్లు తమ దారులను పక్క రౌటర్లతో (నైబర్లతో) పంచుకునే పద్ధతి. ఇక్కడ ఆర్1, ఆర్2 మధ్య పింగ్ వెళ్తోంది. 'షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్' కొడితే మాత్రం ఖాళీ. ఏరియా, మాస్కు, టైమర్లు అన్నీ సరిపోయాయి. ఇక మిగిలింది ఆథెంటికేషన్, అంటే ప్యాకెట్ నమ్మదగిన రౌటర్ నుంచే వచ్చిందా అనే తనిఖీ. ఇక్కడే చాలామంది రెండువైపులా కీ (పాస్‌వర్డ్) తీసేసి మళ్లీ టైప్ చేస్తారు. ఆగండి. తప్పెక్కడో రౌటరే చెబుతుంది.

[స్క్రీన్: డీబగ్ ఐపీ ఓఎస్‌పీఎఫ్ అడ్జ్]

ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగిన్ అయి) ఉంటే ముందు 'టెర్మినల్ మానిటర్' కొట్టండి, లేకపోతే ఏమీ కనిపించదు. నైబర్లు పంపుకునే హలో ప్యాకెట్ 10 సెకన్లకోసారి వస్తుంది, అంతసేపు ఆగితే చాలు.

అవతలి ప్యాకెట్ టైప్ 0, మనది టైప్ 2 అని వచ్చిందా? 0 అంటే ఆథెంటికేషన్ లేదు, 1 సాదా టెక్స్ట్, 2 ఎండీ5 (కీని పంపకుండా, దానితో లెక్కగట్టిన ముద్రను పంపడం). ఎక్కువగా దొరికే తప్పు ఇదే: ఆర్2లో 'మెసేజ్-డైజెస్ట్-కీ' లైను ఉంటుంది, 'ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఆథెంటికేషన్ మెసేజ్-డైజెస్ట్' ఉండదు. తాళంచెవి చేతిలో ఉంది, తాళమే వేయలేదు.

టైప్ కలిసినా కీ ఐడీ (కీకి ఇచ్చిన నంబరు) ఒకవైపు 1, మరోవైపు 2 ఉంటే కుదరదు. ప్యాకెట్‌లో వచ్చిన నంబరును బట్టే అవతలి రౌటర్ కీ వెతుక్కుంటుంది. పాస్‌వర్డ్ ఒకటే అయినా లాభం లేదు.

ఐడీ కూడా కలిస్తే, అప్పుడు కీని అనుమానించండి. రన్నింగ్ కాన్ఫిగ్‌లో టైప్ 7 (పాస్‌వర్డ్‌ను మరుగుపరిచి చూపే రూపం) అక్షరాలను పక్కపక్కన పెట్టి పోల్చొద్దు. ఒకే పాస్‌వర్డ్ రెండు రౌటర్లలో రెండు రకాలుగా కనిపించొచ్చు. కొత్తగా టైప్ చేయడమే మేలు. పెద్ద, చిన్న అక్షరాల తేడా ఉంది, 16 అక్షరాలు దాటకూడదు.

[స్క్రీన్: కీ 1, కీ 2 పక్కపక్కన]

నడుస్తున్న లింకులో కీ మార్చాలంటే 1ని తీయకుండా రెండువైపులా 2 చేర్చండి. మార్పు పూర్తయ్యేదాకా రౌటర్ రెండు కీలతోనూ ప్యాకెట్లు పంపుతుంది. 'షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్'లో రెండుచోట్లా యంగెస్ట్ (అన్నిటికన్నా కొత్త) కీ ఐడీ 2 అని చూశాకే 1 తీయండి.

ఒకవైపే మార్చేస్తే వెంటనే ఏమీ అవదు, అదే మోసం. సరైన హలో రాకుండా డెడ్ టైమర్ 40 సెకన్లు అయ్యాక నైబర్ పడిపోతుంది. మీ ఎస్ఎస్‌హెచ్ ఆ రూటు మీదే ఉంటే మీరూ బయటే. అందుకే దూరం రౌటర్‌లో మొదలుపెట్టే ముందు 'రీలోడ్ ఇన్ 10' పెట్టి (లైను తెగితే 10 నిమిషాలకు రౌటర్ రీస్టార్టై, సేవ్ చేసిన పాత కాన్ఫిగ్‌కు వస్తుంది), అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టి, ఆ తర్వాతే సేవ్ చేయండి.